గిలక కట్టినా బస్తా బరువు తగ్గలేదేంటండీ?

సింగ్‌నగర్ కిరాణా (ఆదివారం రాత్రి)

అందరికీ నమస్కారం. మాది బెజవాడ, అజిత్‌సింగ్ నగర్. ఒక షట్టరు కిరాణా కొట్టు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు మా వీధిలోకొచ్చినప్పుడు కొట్లో సరుకంతా నీళ్లపాలైంది. బియ్యం ఉబ్బి సంచులు పిగిలిపోయాయి. పెసలు సంచిలోనే మొలకెత్తాయి. నీళ్లు తీశాక షట్టరు ఎత్తితే ఆ వాసన... వదిలేద్దాం. అప్పట్నించి మా ఆవిడది ఒకటే మాట, "వానాకాలం సరుకు పైన ఉండాల్సిందే" అని. సరే అని ఈ ఏడు స్లాబ్ మీద రేకుల గది వేయించాను.

చిక్కంతా మెట్ల దగ్గరొచ్చింది. ఇంటి పక్క సందులో ఇనప చుట్టుమెట్లు తప్ప వేరేవి పట్టవన్నాడు మేస్త్రి. భుజాన బస్తా వేసుకుని అవి ఎక్కితే సగంలో బస్తా వెళ్లి కమ్మీకి తగులుకుంటుంది, మనిషి వెనక్కి తూలతాడు. రెండుసార్లు తూలాను. నాకు 51 ఏళ్లు, మోకాళ్లు ముందే బాగోవు. ఇక గిలక కడదామనుకున్నాను. మా చిన్నప్పుడు అమ్మమ్మగారి ఊళ్లో నూతి మీద గిలక ఉండేది. ఎనిమిదేళ్ల పిల్లలం కూడా చేంతాడు లాగి బిందె నింపేవాళ్లం. ఆ నమ్మకం.

వన్‌టౌన్‌లో ఇనప సామాన్ల కొట్టుకెళ్లి పోత ఇనుము గిలక ఒకటి, పదహారు ఎంఎం నైలాన్ తాడు తెచ్చాను. గది ముందు భాగంలో రెండు గోడల మీదా రెండంగుళాల జీఐ పైపు పడుకోబెట్టి, దానికి గిలక కట్టి, కిందనుంచి లాగాను. పాతిక కిలోల బియ్యం బస్తా. బరువు తగ్గడం మాట దేవుడెరుగు, ఇంకాస్త పెరిగినట్టే అనిపించింది.

మా వాడు ఎనిమిదో తరగతి. "నాన్నా, గిలకలు రెండుంటే బరువు సగమవుతుంది, నేను వీడియోలో చూశా" అన్నాడు. మర్నాడు ఇంకో గిలక తెచ్చి, మొదటిదాని పక్కనే అదే పైపుకి కట్టి, తాడు రెండిటి మీదుగా తెచ్చి, ఈసారి యాభై కిలోల పంచదార బస్తా తగిలించాను. నా బరువు 62 కిలోలు. తాడు పట్టుకుని వేలాడితే బస్తా కదల్లేదు, నేనే మునివేళ్ల మీదికి లేచాను. ఎదురింటి పిల్లలు ఇప్పటికీ నవ్వుతున్నారు.

అడగాల్సినవి ఇవీ. గిలక బరువు తగ్గిస్తుందా, తగ్గించదా? తగ్గిస్తే నాకెందుకు తగ్గలేదు? ఆ వీడియోల్లో పిల్లాడు నాలుగు చక్రాలతో నాన్నని ఎత్తేస్తాడు, అది నిజమా, కెమెరా గారడీయా? ఇంకోటి, ఐస్‌క్రీమ్ డీప్ ఫ్రీజర్ ఉంది, ఖాళీగా 70 కిలోలు. దాన్ని కూడా ఇలాగే ఎక్కించొచ్చా? నేల నుంచి పైన గది గడప దాకా 14 అడుగులు.


పటమట కుర్రాడు

అన్నా, ఈ తిప్పలన్నీ ఎందుకు? కరెంటు హాయిస్ట్ దొరుకుతుంది, చిన్నది. స్విచ్ నొక్కితే బస్తా పైకొస్తుంది. మోకాళ్లూ దక్కుతాయి, పరువూ దక్కుతుంది.


సింగ్‌నగర్ కిరాణా

తమ్ముడూ, నువ్వు పటమటలో ఉన్నావు కాబట్టి అలా అంటున్నావు. మా దగ్గర నీళ్లు రాగానే మొదట పోయింది కరెంటే. రోజుల తరబడి రాలేదు. నాకు సరుకు ఎక్కించాల్సిన అవసరం సరిగ్గా అప్పుడే పడుతుంది.


ఆటోనగర్ పాత మెకానిక్

తమ్ముడూ, ముందు ఆ పైపు ఊడదియ్యి. మిగతాది తర్వాత చెప్తా.

తీశావా? సరే.

నాది ఆటోనగర్‌లో ముప్పై నాలుగేళ్ల అనుభవం. లారీ ఇంజన్లు దింపడం ఎక్కించడం నా పని. అర టన్ను పైచిలుకు ఇంజను నెత్తిమీద వేలాడుతుంటే కింద బోల్టులు బిగించిన వాణ్ణి, కాబట్టి వేలాడే బరువు గురించి నాకు భయం ఎక్కువ. నువ్వు రాసింది చదివి నవ్వు రాలేదు, ఒళ్లు జలదరించింది. ఎందుకంటావా? ఆ పైపు మీద యాభై కిలోలు పడిందనుకుంటున్నావు నువ్వు. ఒక పక్క బస్తా యాభై కిందికి లాగుతోంది. ఇంకో పక్క నువ్వు, నీ 62 కిలోలూ వేసి, అదే కిందికే లాగుతున్నావు. పైపు నెత్తిన పడింది 112. పైన కట్టిన గిలకతో ఉన్న ఇబ్బంది ఇదే, బరువు లాగేవాడిక్కూడా తగ్గదు, మోసే దూలానికైతే రెట్టింపు అవుతుంది. ఇది తెలియక సన్‌షేడ్‌కి కొక్కెం కొట్టి సిమెంటు బస్తాలు లాగేవాళ్లని చూశాను. సన్‌షేడ్ ఉన్నది నీడకి.

ఇప్పుడు నీ మొదటి ప్రశ్న. పైన కదలకుండా ఉన్న గిలక బరువు తగ్గించదు. దిక్కు మారుస్తుంది, అంతే. పైకి ఎత్తాల్సిన దాన్ని కిందికి లాగేలా చేస్తుంది. అది తక్కువ లాభమేం కాదు. వంగి పైకెత్తితే నడుం పోతుంది, కిందికి లాగితే మన ఒంటి బరువే మనకి సాయం. నూతి దగ్గర ఎనిమిదేళ్లప్పుడు నీకు తేలిగ్గా అనిపించింది అందుకే. దానికి తోడు ఆ బిందెలో ఉన్నది పది పన్నెండు కిలోల నీళ్లు, పంచదార కాదు.

రెండో గిలక కూడా పైనే కట్టావు కదా, దానివల్ల దిక్కు రెండుసార్లు మారింది. లాభం సున్నా, పైగా నష్టం. పోత ఇనుము గిలకకి బేరింగు ఉండదు, ఇరుసు మీద గీక్కుంటూ తిరుగుతుంది. ఒక్కో గిలక దగ్గర నీ బలంలో పదో వంతు ఆ గీకుడికే పోయిందనుకో. యాభై కిలోలకి మొదటి గిలక దాటేసరికి 55న్నర కావాలి, రెండోది దాటేసరికి 61 ముప్పావు. నీ బరువెంత? 62. నువ్వు మునివేళ్ల మీద నిలబడ్డావంటే నిలబడవా మరి.

మరి బరువు ఎప్పుడు తగ్గుతుంది? నీ కొట్టు లెక్కే చూడు. క్వింటా బస్తా ఇద్దరు పట్టుకుంటే చెరి యాభై. నలుగురు పట్టుకుంటే తలా పాతిక. తాడు వరసలు కూడా మనుషుల్లాంటివే. బస్తాని పట్టుకుని పైకి పోతున్న వరసలు ఎన్నో, బరువు అన్ని వాటాలు. ఒకటే తాడు కాబట్టి అన్ని వరసల్లోనూ బిగువు దాదాపు ఒకటే, అందులో ఒక్క వరస చివరే నీ చేతిలో ఉంటుంది. గిలకలు లెక్కపెట్టకు. బస్తా పక్కన నిలబడి, దాన్ని మోస్తున్న తాళ్లు లెక్కపెట్టు. నువ్వు కట్టిన దాంట్లో ఎన్ని? ఒకటే. అందుకే ఒకటే వాటా, అదీ మొత్తం నీదే.

కొత్తగా ఏమీ కొనక్కర్లేదు. ఆ రెండు గిలకల్లో ఒకదాన్ని కిందికి దించి బస్తా కొక్కేనికి తగిలించు. తాడు కొస పైన దూలానికి కట్టేయి. అక్కణ్ణించి తాడు కిందికొచ్చి బస్తా మీది గిలక చుట్టి, మళ్లీ పైకెళ్లి పై గిలక మీదుగా దిగి నీ చేతికి రావాలి. ఇప్పుడు బస్తాని మోసే వరసలు రెండు. ఒక వరస దూలానికి కట్టేశావు కాబట్టి సగం బరువు దూలమే మోస్తుంది, జీతం అడగని కూలీ అది. గీకుడు, గిలక సొంత బరువు అన్నీ కలుపుకున్నా పాతిక కిలోల బస్తాకి 15, 16 కిలోల లాగుడు సరిపోతుంది. పంచదారకి 30.

కానీ తూకం దగ్గర కలిసొచ్చింది కొలత దగ్గర పోతుంది. బస్తా 14 అడుగులు లేవాలంటే రెండు వరసలూ 14 అడుగుల చొప్పున పొట్టి కావాలి, అంటే నీ చేతిలోంచి 28 అడుగుల తాడు జారాలి. నాలుగు వరసలైతే 56 అడుగులు. ఆ వీడియోలో పిల్లాడు నాన్నని ఎత్తడం నిజమే. ఎంత తాడు లాగాడో, నాన్న ఎంత ఎత్తు లేచాడో చూపించరు. రెండు జానలు లేచుంటాడు.

అందుకే నా మాట విని బియ్యానికి రెండు వరసలు దాటకు. నలభై బస్తాలు ఎక్కించాలనుకో, రెండు వరసలతో 1,120 అడుగుల తాడు లాగుతావు, నాలుగు వరసలతో 2,240. మధ్యలో కొట్టుకి బేరం వస్తుంది, అదొకటి. పైగా గిలకలు పెరిగే కొద్దీ గీకుడూ పెరుగుతుంది. ఇందాకటి పదో వంతు లెక్కలో నాలుగు వరసలు పనిచేసేది నాలుగింతలు కాదు, మూడింతల పైన కాస్త. గ్రీజు పెట్టు, బేరింగు గిలకలు దొరికితే కొను, చక్రం కాస్త పెద్దదిగా చూసుకో. చిన్న చక్రం మీద లావు తాడు మెలిపడి నలిగిపోతుంది. గాడి సన్నగా ఉంటే తాడు అంచుకెక్కి ఇరుక్కుంటుంది, అదీ బస్తా సరిగ్గా సగం ఎత్తులో ఉన్నప్పుడే.

దూలం సంగతి. జీఐ పైపు వద్దు. ఐ సెక్షన్ ముక్క, అంటే ఐ ఆకారపు ఇనప దూలం, తెచ్చి రెండు కొసలూ గోడల్లో కనీసం అర ఇటుక లోపలికి కూర్చోబెట్టించు. ఎంత సైజు కావాలో రేకుల గది వేసిన మేస్త్రిని కాదు, ఇంజనీరుని అడుగు. ఫీజు ఒక పంచదార బస్తా ఖరీదు కూడా ఉండదు.

కింద గోడకి ఇనప కొమ్ము ఒకటి వేయించు, తాడు నాలుగు చుట్లు చుట్టి ఆపడానికి. తాడుని చేతికి చుట్టుకుని మాత్రం లాగకు. మా పక్క షెడ్డు కుర్రాడికి రెండు వేళ్లు లేవు, ఎందుకంటావా, ఇందుకే. బస్తా కింద ఎవర్నీ నిలబడనీయకు, ముఖ్యంగా ఎదురింటి పిల్లల్ని.

ఫ్రీజర్‌కి తాడు గిలకలు వద్దే వద్దు. తాడు వదిలితే బరువు దిగిపోతుంది, అదే తాడు గిలకకున్న లోపం. మా దగ్గర టన్ను చైన్ బ్లాక్ రోజు అద్దెకిస్తారు. లోపల పళ్ల చక్రాలు, బ్రేకు ఉంటాయి. గొలుసు వదిలేసి టీ తాగి వచ్చినా బరువు అక్కడే ఉంటుంది. టన్ను ఎత్తడానికి ముప్పై కిలోల లాగుడు చాలు, నీ ఫ్రీజర్ దానికి లెక్కలోది కాదు. అడుగు లేవడానికి సుమారు నలభై అడుగుల చేతి గొలుసు లాగాలి, ఓపిక ఉండాలి. ఒకటి గుర్తుపెట్టుకో, మామూలుగా ఇచ్చేది మూడు మీటర్లు ఎత్తేది. నీ 14 అడుగులకి చాలదు. ఐదు మీటర్లది అడుగు. ఫ్రీజర్ నిలువుగా ఎక్కించు, ఒకవేళ వంగితే పైకెక్కాక కొన్ని గంటలు అలా వదిలేసి అప్పుడు కరెంటివ్వు. కంప్రెసర్ నూనె కిందికి దిగాలి.


బ్రాడీపేట మాస్టారు

ఆటోనగర్ మెకానిక్ గారికి నమస్కారం. గుంటూరులో 28 ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. స్థిర కప్పీ (కదలని గిలక), చర కప్పీ (బరువుతో కదిలే గిలక) అని బల్లమీద బొమ్మ గీసి చెప్పేవాణ్ణి. "గిలకలు కాదు, తాళ్లు లెక్కపెట్టు" అన్న మాట అప్పట్లో నాకు తట్టి ఉంటే ఎంతమంది పిల్లలకి మార్కులు వచ్చేవో.

కిరాణా గారూ, మీ అబ్బాయి కోసం ఒక్క లెక్క రాస్తాను, చూపించండి. పాతిక కిలోల బస్తాని 14 అడుగులు, అంటే సుమారు 4.27 మీటర్లు, ఎత్తడానికి చేయాల్సిన పని 25 × 9.8 × 4.27, దాదాపు 1,046 జౌళ్లు. రెండు వరసలతో బలం సగం, దూరం రెట్టింపు: 12.5 × 9.8 × 8.54. గుణించి చూడమనండి, అదే 1,046 వస్తుంది. ఘర్షణ కలిస్తే ఇంకా ఎక్కువే అవుతుంది గానీ తక్కువ మాత్రం కాదు. కప్పీ పనిని తగ్గించదు, మన ఒంటికి పట్టేలా విడగొట్టి ఇస్తుంది. ఒకేసారి వెయ్యి రూపాయలు కట్టలేనివాడికి వాయిదాలు పెట్టినట్టు. ఘర్షణే వడ్డీ.

నూతి గిలక మాటొచ్చింది కాబట్టి మా పల్నాడు కపిల గుర్తొచ్చింది. మా తాతగారికి కపిల బావి ఉండేది. బావి గట్టు మీద పెద్ద గిలక, దాని మీదుగా మోకు, మోకు చివర తోలు తొండం ఉన్న బాన, ఇటు కొస ఎద్దుల కాడికి. నా చిన్నతనంలో, ఆ గిలక ఉండబట్టే ఎద్దులకి బరువు తెలియదనుకునేవాణ్ణి. మెకానిక్ గారు చెప్పినట్టు అక్కడా వరస ఒకటే. బరువు రవ్వంత తగ్గదు. ఎద్దుని నూతిలోకి దింపి నీళ్లు ఎత్తించలేం కాబట్టి గిలక దిక్కు మారుస్తుంది. దానికి తోడు ఎద్దులు నడిచే బాట వాలుగా కిందికి తవ్వి ఉంటుంది, అవి దిగుతూ లాగుతాయి. ఒంటి బరువు సాయం చేయడమంటే అదే. తాతగారికి జౌళ్లు తెలియవు, వాలు ఎంత తవ్వాలో మాత్రం తెలుసు.

ఇంకో చిన్న సంగతి. మీరు పైన గదిలో నిలబడి లాగేటట్టయితే ఒక్క గిలకతోనే సగం బరువు చేయొచ్చు. తాడు కొస దూలానికి కట్టి, బస్తా మీది గిలక చుట్టి, రెండో కొస నేరుగా పైకి మీ చేతికి తెచ్చుకోండి. పై గిలక లేదు కాబట్టి దాని ఘర్షణా లేదు. కానీ ఇక్కడ పైకి లాగాలి, అంటే నడుముతో. మీ మోకాళ్లకు అది నప్పదు. పుస్తకంలో రెండూ ఒకటే జవాబు, ఒంటికి మాత్రం కాదు.

క్లాసులో పిల్లల్ని ఏడిపించే ప్రశ్న ఒకటుండేది. అపార్ట్‌మెంట్లకి రంగులేసేవాడు తాడు ఉయ్యాల్లో కూర్చుని, పైన ఒకటే గిలక మీదుగా వచ్చిన తాడుని తానే లాగుకుంటూ పైకి పోతాడు. కింద నేలమీద నిలబడి ఇంకొకరు లాగితే అతని బరువంతా లాగాలి. తానే లాగితే సగమే. గిలక అదే, తాడు అదే. ఎందుకు? మీ అబ్బాయిని వరసలు లెక్కపెట్టమనండి.

పాత రోజుల నాటి కథ ఒకటి కూడా చెప్పండి వాడికి. సరుకూ జనమూ ఎక్కిన మూడు తెరచాపల ఓడని ఆర్కిమెడీస్ కూర్చున్న చోటినుంచి కప్పీల తాడు లాగుతూ నేలమీద జరిపాడని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. ఎంతసేపు లాగాడో, ఎంత దూరం జరిగిందో అందులో లేదు. మన వీడియోల్లాగే.


సింగ్‌నగర్ కిరాణా (తర్వాతి ఆదివారం)

మాస్టారూ, అన్నా, ఇద్దరికీ దణ్ణాలు. ఐ సెక్షన్ పెట్టించాను, ఇంజనీరు గారు సైజు చెప్పారు. నిన్న సాయంత్రం రెండు వరసలతో 22 బస్తాలు ఎక్కించాను. మా ఆవిడ పైన నిలబడి కొక్కెం అందుకుని లోపలికి లాగింది. మా వాడు తాడు లాగాడు, వాడు 40 కిలోలుంటాడు, అయినా పాతిక కిలోల బస్తా లేచింది! ఎదురింటి పిల్లలు ఈసారి నవ్వలేదు, మేమూ లాగుతాం అన్నారు. ఉయ్యాల ప్రశ్నకి మావాడి జవాబు, "కూర్చున్న తాడూ లాగే తాడూ రెండూ వాణ్ణే మోస్తున్నాయి." సరేనా మాస్టారూ?

ఒక ఇబ్బంది మాత్రం వచ్చింది. బస్తా సగం ఎత్తుకెళ్లాక గిర్రున తిరగడం మొదలెట్టి రెండు వరసలూ జడ అల్లినట్టు పెనవేసుకున్నాయి. ఇక లాగితే రాదు. కిందికి దించి విప్పాల్సొచ్చింది, మూడుసార్లు.

రాత్రి పడుకున్నాక ఒక ఆలోచన వచ్చింది. పాత తూకం రాళ్లు ఉన్నాయి, 20 కిలోలవి రెండు. ఎలక్ట్రానిక్ కాటా వచ్చాక మూలన పడేశాను. వరదలో చెక్కుచెదరనివి కొట్టు మొత్తంలో అవే. పైన ఒకటే గిలక పెట్టి, ఒక కొసకి బస్తా, రెండో కొసకి పైన ఈ 20 కిలోల రాయి కడితే? రాయి కిందికి దిగుతుంది, బస్తా పైకొస్తుంది, నేను లాగాల్సింది ఐదు కిలోలే కదా! తాడు కూడా 14 అడుగులే. లిఫ్టులో ఇలాంటిదే ఉంటుందని విన్నాను. ప్రకాశం బ్యారేజీ గేట్లకి కూడా.


ఆటోనగర్ పాత మెకానిక్

తాడు మెలి సంగతి ముందు. పురి తిప్పిన తాడు బరువు పడగానే పురి విడుతుంది, బస్తాని తిప్పుతుంది. దూలానికి కట్టిన కొసకీ పై గిలకకీ మధ్య ఎడం పెంచు, జానెడున్నర పెట్టు. బస్తాకి అడుగున సన్న తాడు ఒకటి కట్టి కింద ఒకరు పట్టుకుంటే తిరగదు. అల్లిక తాడు దొరికితే ఇంకా మంచిది, దానికి పురి ఉండదు.

ఇక రాళ్లు. ఆలోచన బాగుంది తమ్ముడూ, కానీ ఒక్కటి అడుగుతా. మొదటి బస్తా పైకొచ్చింది, రాయి కిందికి దిగింది. రెండో బస్తాకి రాయి మళ్లీ పైన ఉండాలి. దాన్ని ఎవడు ఎక్కిస్తాడు? ఖాళీ కొక్కెం కిందికి లాగుతూ నువ్వే ఎక్కించాలి. గీకుడుతో కలిపి 22 కిలోల లాగుడు. బస్తా ఎక్కించేటప్పుడు నీకు పడేదీ ఐదు కాదు, గీకుడుతో ఎనిమిది. ఎనిమిదీ ఇరవై రెండూ కలిపితే ముప్పై. గీకుడుతో ఉత్త బస్తాకి 28 సరిపోయేది. ఈ చేత్తో మిగిల్చి ఆ చేత్తో వడ్డీతో కట్టడమే.

బ్యారేజీ గేటు సంగతి వేరు. గేటు బరువు ఎప్పుడూ అక్కడే ఉంటుంది, ఎత్తినా దించినా. దాని బరువుకి ఎదురుగా కౌంటర్ వెయిట్ కడితే హాయిస్టుకి మిగిలేది తేడా మాత్రమే. 2024 వరదలో పడవలు కొట్టుకొచ్చి 67, 69, 70 గేట్ల కౌంటర్ వెయిట్లే దెబ్బతిన్నాయి కదా, అంత హడావుడి పడింది అందుకే. లిఫ్టులోనూ అంతే, డబ్బా బరువు ఎప్పుడూ ఉండేది. దానికీ, ఎక్కే జనంలో సుమారు సగానికీ కలిపి ఎదురు బరువు కడతారు. నీ బస్తా అలా కాదు, పైకెక్కి దిగిపోతుంది. పోయే బరువుకి ఉండే రాయి కడితే తిరుగు ప్రయాణంలో ఆ రాయే నీకు బరువు.

ఎదురు బరువు పనికొచ్చే దారులు రెండున్నాయి. ఒకటి, రెండు బస్తాలు పట్టే ఇనప బుట్ట చేయించు, కొక్కెం తగిలించే బాధ తప్పుతుంది. బుట్ట ఇరవై కిలోలు తూగితే దానికి ఎదురుగా ఇరవై కిలోల రాయి కట్టు. బుట్ట ఎప్పుడూ ఉండేదే కాబట్టి అక్కడ లెక్క కుదురుతుంది. రాయి తాడు వేరే గిలక మీద, లాగే తాడు వేరే. అవి రెండూ కలపకు. దూలానికి ఈ బరువు కొత్తది, ఇంజనీరుకి ముందే చెప్పు. రెండోది, వానాకాలం అయిపోయాక సరుకు కిందికి దింపుతావు కదా, అప్పుడు పైకి చేర్చాల్సిన ఖాళీ డబ్బాలూ అట్టపెట్టెలూ ఉంటే దిగే బస్తాతో వాటిని ఎక్కించుకో. ఊరికే వచ్చే బరువు అదొక్కటే.


సింగ్‌నగర్ కిరాణా

బుట్ట సంగతి బాగుందన్నా. వరదలో తుప్పుపట్టిన బిస్కెట్ ర్యాకు ఒకటుంది, కోసి వెల్డింగ్ చేయిస్తాను. తూచి చూశా, పంతొమ్మిదిన్నర కిలోలు. మిగతా అరకిలోకి తలుపు గొళ్లెం పెట్టిస్తాను. వచ్చే శుక్రవారం చైన్ బ్లాక్ కోసం ఆటోనగర్ వస్తున్నా, ఐదు మీటర్లది. మీ షెడ్డు ఏ రోడ్డులోనో మెసేజ్ పెట్టండి, పంచదార పొట్లం తెస్తాను.


ఆటోనగర్ పాత మెకానిక్

షుగరు తమ్ముడూ. బెల్లం కూడా వద్దు. పాత తాడు పట్టుకురా, ఎక్కడెక్కడ నలిగిందో చూపిస్తా.